పంటికి కట్టిన కాజా దారం

జూన్ 2, సోమవారం

ఏమీ కాలేదు. ముందే రాసి పెడుతున్నాను, ఏమీ కాలేదు.

తెల్లకోటు కాలరు కుట్టడం అయ్యాక ఎప్పటిలాగే వంగి దారం పంటితో కొరికాను. కింది వరసలో సరిగ్గా మధ్యనున్న పన్ను కాస్త వెనక్కి వాలి మళ్ళీ తన చోటికి వచ్చింది. వాలిందా? దారం గట్టిదై ఉంటుంది. ఈమధ్య కొత్త రకం తెప్పిస్తున్నాను.

కత్తెర పక్కనే ఉంటుంది. అయినా పని నేర్చుకున్న రోజుల నుంచీ నేను దారం పంటితోనే తెంపుతాను. కత్తెర వెతుక్కునేలోపు ఇంకో గుండీ కుట్టేయొచ్చు.

ఈ డైరీ దారాల కొట్టువాడు ఊరికే ఇచ్చింది. ఇన్నాళ్ళూ మిషన్ కాలు కింద ఎత్తుకి పెట్టాను. ఇవాళ లాగి దుమ్ము దులిపి రాస్తున్నాను. మిషన్ ఊగుతోంది. ఊగనీ. నా నోట్లో నువ్వుగింజ నానదని పేరు. అలాంటిది ఈ ఒక్క సంగతి ఎవరికీ చెప్పుకోలేను, మా ఆయనకి అసలే చెప్పలేను. మాట ఎక్కడో ఒకచోటికి పోవాలి కదా.

ఆయనకి ఎందుకు చెప్పలేనంటే, పదేళ్ళ కిందట ఆయన పళ్ళన్నీ తీయించుకుని ఇంటికొచ్చినరోజు తలుపు తీసింది నేనే. బుగ్గలు లోపలికి పోయి, మూతి ముడుచుకుపోయి, అచ్చం వాళ్ళ మేనమామ నిలబడ్డట్టున్నారు. "ఎవరు కావాలండీ?" అన్నాను. ఎంత నవ్వానో. ఆ కథ ఈ కొట్లో కొలతలిచ్చిన వాళ్ళందరికీ తెలుసు. నడుం కొలత తీసేటప్పుడు చెబితే కడుపుబ్బ నవ్వి కొలత తప్పిపోతుంది, అందుకని చేతుల కొలతప్పుడు చెబుతాను. కథ చివర "నా పళ్ళకి మాత్రం ఇంతవరకూ డాక్టరు చెయ్యి తగల్లేదు" అని కలుపుతాను. ఆయనా పక్కనే కూర్చుని గుండీలు కుడుతూ నవ్వుతారు. ముప్పై ఏళ్ళు బస్సు కండక్టరుగా చేసిన మనిషి, ఏ మాటకైనా నవ్వేస్తారు.

పళ్ళసెట్టు లేని మొహం మాత్రం మళ్ళీ నాకు చూపించలేదు. బాత్రూమ్ గడియ వేసుకునే తీస్తారు, గడియ వేసుకునే పెట్టుకుంటారు. కట్టుకున్న పెళ్ళాం దగ్గర అంత సిగ్గేమిటో.

జూన్ 4, బుధవారం

కదలడం లేదు. పొద్దున్నుంచీ నాలుకతో నెట్టి చూస్తూనే ఉన్నాను.

జూన్ 7, శనివారం

కదులుతోంది. నాలుకతో అన్నిసార్లు నెడితే గోడైనా కదులుతుంది.

తెల్లకోట్లు పళ్ళ డాక్టరమ్మవి. నా స్నేహితురాలి కూతురు. బడికి వెళ్ళే రోజుల్లో దాని యూనిఫారాలు కుట్టిందీ నేనే, ఇప్పుడు ఆసుపత్రి కోట్లు కుడుతున్నదీ నేనే. ఇవాళ రెండో కోటు చేతి అంచు దగ్గర దారం కొరికాక చూస్తే గుడ్డ మీద ఎర్రచుక్క. చన్నీళ్ళు పెట్టి రుద్దాను, పోయింది. ఆయన కళ్ళు ఎప్పుడూ గుండీల డబ్బాలోనే ఉంటాయి, ఇవాళే ఇటు తిరగాలా. సూది గుచ్చుకుందని చెప్పాను. ఏ వేలికి అని అడిగి, చూపుడువేలు చాపితే అటూ ఇటూ తిప్పి చూసి మందు రాశారు. బాగున్న వేలికి మందు రాయించుకోవడం ఇదే మొదలు.

జూన్ 10, మంగళవారం

కాల్చిన మొక్కజొన్న కంకులు తెచ్చారు. సెట్టుతో కొరకలేరు కాబట్టి తన కంకిని చాకుతో ఒలుచుకుని గింజలు చెంచాతో తింటారు. చిన్నపిల్లాడి తిండని ఏడిపిస్తుంటాను. ఇవాళ నాకు కడుపు బాగాలేదని చెప్పి నా కంకి ముట్టుకోలేదు.

కాసేపటికి చూస్తే బల్ల మీద రెండు పళ్ళేల్లో ఒలిచిన గింజలున్నాయి. రెండోది ఎవరికని అడిగితే, చాకు చేతిలో ఉంది కదా అని ఒలిచేశానన్నారు. తిన్నాను. కడుపు బాగాలేని మనిషి అంత తింటుందా అని మాత్రం అడగలేదు, మంచి పని చేశారు.

సాయంత్రం బస్సులో నిద్రపోయి మూడుసార్లు అటూ ఇటూ తిరిగిన పెద్దాయన కథ చెప్పారు. ఆ కథకి నేను ప్రతిసారీ పగలబడి నవ్వుతాను. ఇవాళ పెదాలు బిగించి ముక్కుతో నవ్వాను. "బాగాలేదా?" అన్నారు. విన్నదే కదండీ అన్నాను. ఆయన మొహం ఎలా అయిపోయిందో రాయను.

జూన్ 13, శుక్రవారం

ఇవాళ నేను చేసిన పని ఎవరికైనా చెప్పుకోవాలని ఉంది. ఎవరికీ చెప్పకూడదు కాబట్టి ఇక్కడే వివరంగా రాస్తాను.

మధ్యాహ్నం ఆయన బస్టాండు వైపు వెళ్ళగానే కొట్టు తలుపు దగ్గరకు వేసి ట్రయల్ రూమ్‌లోకి వెళ్ళాను. అక్కడి దీపం బాగుంటుంది. గుండీలకి కాజాలు కుట్టే పట్టుదారం మూరెడు తీసుకుని మైనం పట్టించాను. ఊగే పన్నుని మధ్యన పెట్టి, అటు ఒక గట్టిపన్ను, ఇటు ఒక గట్టిపన్ను. దారాన్ని ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి ఎనిమిది అంకెలా తిప్పుకుంటూ వచ్చి, లాగి బిగించి, ముడి వెనక్కి తోశాను. దారం రంగు కూడా పంటి రంగే ఎంచాను. చేతి అద్దం పెట్టి చూసుకుంటే కుట్టు కనిపించలేదు.

నాలుకతో నెట్టాను. కదిలితే ఒట్టు.

ఇంత చిన్న పనికి జనం డాక్టర్ల దగ్గరికి పరిగెత్తుతారు.

జూన్ 14, శనివారం

రాయిలా ఉంది. నేను వేసిన కుట్టు ఇంతవరకూ ఊడిందా?

జూన్ 18, బుధవారం

చిగురు కొంచెం బరువుగా ఉంది. కొత్త బట్ట కూడా మొదట్లో ఒరుసుకుంటుంది, తర్వాత అలవాటవుతుంది.

నోటినుంచి ఏదో వాసన వస్తున్నట్టుంది. అందుకని మాట్లాడటం మానేశాను. దానికీ ఉపాయం దొరికింది. పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుంటే ఎవరూ జవాబు అడగరు. కస్టమర్లు వచ్చి తమ మాట తాము చెప్పుకుని పోతున్నారు. మాటలు లేకపోతే పని తొందరగా అవుతోంది కూడా.

ఆయన కూడా కథలు చెప్పడం మానేశారు. కిటికీ వైపు తిరిగి గుండీలు కుడుతున్నారు. మధ్యలో ఉన్నట్టుండి "నా మీద కోపమా?" అన్నారు. తల అడ్డంగా ఊపాను. సూదులున్నాయి కదా. ఆయన మళ్ళీ కిటికీ వైపు తిరిగారు.

కోపం ఏమిటి, నా మొహం. చెబితే ఏమంటారో తెలుసు. ఆ కథ ఇన్నాళ్ళూ ఎలా చెప్పుకున్నానో ఆయనా అలాగే చెప్పుకుంటారు. చేతుల కొలతప్పుడు.

జూన్ 20, శుక్రవారం

గుట్టు రట్టయింది.

కోట్లు ఇవ్వడానికి ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరమ్మ కోటు వేసుకుని చేతులెత్తి నిలబడితే, అంచు సరిచేయడానికి నోట్లో సూదులతో వంగాను. గడ్డం దగ్గర వాపు అప్పటికే తెలిసిపోతోందట. "పిన్నీ, ఆ సూదులు తీసేసి ఒకసారి నోరు తెరవండి" అంది. తర్వాత చూద్దువుగానిలే అన్నట్టు చెయ్యి ఊపాను. అది నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, దీపం నా మొహం మీదకి లాగి కింది వరస వెనకంతా చూసింది.

తర్వాత ఎవరు కట్టారని అడిగింది. నేనే అన్నాను. అద్దంలో చూసుకునా అంది. ట్రయల్ రూమ్‌లో అన్నాను. అటు తిరిగింది. భుజాలు కదులుతున్నాయి. ఆ భుజాల కొలత దాని మూడో తరగతి నుంచీ నాకు తెలుసు, ఏడిస్తే ఎలా కదులుతాయో నవ్వితే ఎలా కదులుతాయో కూడా తెలుసు.

మళ్ళీ ఇటు తిరిగి, కట్టు తప్పు కాదని, వాళ్ళూ ఇలాగే కడతారని చెప్పింది. కాకపోతే ముందు శుభ్రం చేసి, చిగురు తగ్గాక, చిగురుకి తగలకుండా పైన కడతారట. నేను మురికిని లోపల పెట్టి పైన లైనింగు కుట్టేశానట. దారం చిగురులోకి దిగి అక్కడ పాచి పట్టి చీము చేరింది. చిన్న కత్తెరతో తెంపి తీసింది. నా కుట్టు తెగుతుంటే ప్రాణం ఉసూరుమంది. పన్ను వెంటనే ముందుకి వాలింది, విశ్వాసం లేనిది.

దారం వారం కిందటిది కదా, పన్ను అంతకుముందే ఎందుకు ఊగిందని అడిగాను. రోజూ తోముతాను, తీపి కూడా తినను. అప్పుడు చెప్పింది. ఎముక కరగడం ఎప్పుడో మొదలైందట. పాచిలోని క్రిములు మొదలుపెడతాయి, నేను నలభై ఏళ్ళు దారం కొరకడం దానికి తోడు. ఇంకో కారణం కూడా ఉందని ఈమధ్య చదువుతున్నారట.

"చిగుళ్ళలో కొన్ని కణాలు ముసలివైపోతాయి పిన్నీ. పని మానేస్తాయి, అలాగని చచ్చిపోవు. అక్కడే కూర్చుని వాపు తెచ్చే పదార్థాలు వదులుతుంటాయి. పక్కనున్న మంచి కణాలకి కూడా అదే అంటిస్తాయి."

వయసులో ఉన్నప్పుడు ఒళ్ళు అలాంటివాటిని ఎప్పటికప్పుడు ఊడ్చేస్తుందట. వయసు మీదపడ్డాక ఊడవడం నెమ్మదిస్తుంది, అవి పోగవుతాయి, వాపు తగ్గకుండా ఉంటుంది, పంటిని పట్టి ఉంచే ఎముక కరుగుతుంది. వాటిని తీసేసే మందు లేదా అంటే, వెతుకుతున్నారు, ఇంకా మనదాకా రాలేదంది. అప్పటిదాకా లోపలంతా శుభ్రం చేసి, వాటిని రెచ్చగొట్టకుండా ఉండటమే.

మధ్యపన్ను నిలవడం కష్టమంది. అటూ ఇటూ ఉన్నవాటిని కాపాడవచ్చట, ఇప్పటికైనా మాట వింటే. బాబాయికి చెప్పారా అని అడిగింది. నువ్వూ చెప్పొద్దన్నాను. ఎందుకని అడగలేదు. దానికీ ఆ కథ తెలుసు, పోయిన కోటు కొలతప్పుడు నేనే చెప్పాను.

జూన్ 21, శనివారం

ఆ కణాలకి పేరు పెట్టాను. పుల్లలు పెట్టే ముసలమ్మలు. పని చెయ్యరు, పోరు, ఒకచోట కూర్చుని పక్కవాళ్ళ మొహాలు కూడా వాచిపోయేలా చేస్తారు.

మొదట మా ఆయనే గుర్తొచ్చారు. రిటైరై వచ్చి నా కొట్లో మూల కూర్చున్నారు కదా. హాస్యంగా రాద్దామనుకుని కలం పట్టుకుంటే రాయడానికి ఏమీ దొరకలేదు. ఆయన పని మానలేదు, గుండీలు నాకన్నా గట్టిగా కుడతారు. ఎవరికీ పుల్ల పెట్టరు. ఆ మూల నుంచి ఇంతవరకూ వచ్చినవన్నీ నవ్వులే.

మరి ఈ ఇంట్లో చేసే పని మానేసి, మూతి ముడుచుకు కూర్చుని, పక్కమనిషికి కూడా అదే అంటించింది ఎవరు?

మిషన్ మరీ ఊగుతోంది. అట్టముక్క పెట్టాలి.

జూన్ 24, మంగళవారం

రెండోసారి శుభ్రం చేసింది. పంటి బిగువున ఓర్చుకున్నాను అని రాయబోయి ఆగాను. బ్రష్షు చిగురు వైపు వాలుగా పెట్టి మెల్లగా కదపాలట. ఇన్నాళ్ళూ నేను నేల తోమినట్టు తోమానట.

వాపు తగ్గింది. ఇంట్లో మాత్రం తగ్గలేదు.

జూన్ 25, బుధవారం

ఆయన వాళ్ళ అక్క దగ్గరికి వెళ్ళారు. ఆవిడకి ఒంట్లో బాగాలేదన్నారు. ఆవిడ నిక్షేపంగా ఉంది, మొన్ననే ఫోను చేసి మనవరాలికి గౌను కుట్టమని రంగు కూడా చెప్పింది.

రిటైరయ్యాక నేను లేకుండా ఆయన ఊరు వెళ్ళడం ఇదే మొదలు. సంచి పట్టుకుని గుమ్మంలో నిలబడి "నాకేమైనా చెప్పాలా?" అని అడిగారు.

నేను గుండుసూదులు తీసి నోట్లో పెట్టుకున్నాను.

ఆయన వెళ్ళిపోయారు. వీధి చివర మలుపు దాకా చూశాను. వెనక్కి తిరిగితే చూసేవారు. తిరగలేదు.

జూన్ 26, గురువారం

కొట్టు తెరిచి మిషన్ దగ్గర కూర్చుంటే మిషన్ ఊగలేదు. కాలు కింద అట్టముక్క మడిచి పెట్టి ఉంది.

చెయ్యి పక్కకి పెట్టేసరికి ఏదో తగిలింది. దారం తెంపే చిన్న కత్తెర, కొత్తది, నాడా కట్టి మిషన్ కొక్కేనికి వేలాడదీసి ఉంది. సరిగ్గా నేను వంగితే నా నోరు ఎక్కడికి వస్తుందో అక్కడ. నాడా చివర ఆయన గుండీ కూడా కుట్టారు, తీసి మెళ్ళో వేసుకోవడానికి వీలుగా. గుండీ కింద దారం నాలుగు చుట్లు చుట్టి ముడి వేశారు. ఆయన చేతిపని, నేను ఎక్కడున్నా పోల్చుకుంటాను.

రోజంతా దానితోనే తెంపాను. ఒక్కసారి కూడా వంగలేదు.

అంటే ఆయనకి తెలుసు. ఎప్పటినుంచి తెలుసు?

జూన్ 28, శనివారం

ఫోను చేశాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక కత్తెర బాగుందన్నాను. తెగుతోందా అని అడిగారు. తెగుతోందన్నాను. ఇద్దరం అలా కాసేపు కత్తెర గురించే మాట్లాడుకున్నాం, కొత్తగా పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు.

ఇక ఉండబట్టలేక ఎప్పుడు తెలిసిందని అడిగేశాను. కోటు మీద రక్తం చూసినరోజే అన్నారు. వేలికి గాయం లేదు కదా. కంకి ముట్టుకోనప్పుడు ఇంక సందేహమే లేదట. పళ్ళు పోయేముందు ఏమేం దాచుకుంటారో తనకన్నా ఎవరికి తెలుసన్నారు. నేనే చెబుతానని చూశారట. చూసి చూసి, తను ఎదురుగా ఉండటమే నాకు ఇబ్బందేమోనని వెళ్ళిపోయారట.

"మీరు నవ్వుతారనుకున్నాను" అన్నాను.

అటువైపు కుర్చీ జరిపిన చప్పుడయింది.

"నేనెందుకు నవ్వుతానే? ఆరోజు గుమ్మంలో నిలబడింది నేనే కదా" అన్నారు.

అంతే అన్నారు. కోపంగా కూడా అనలేదు. తర్వాత అన్నం వేళకి తింటున్నానా అని అడిగి పెట్టేశారు.

ఏడ్చాను. అప్పుడే కస్టమరు ఒకావిడ వస్తే సూది గుచ్చుకుందని చెప్పాను. ఈ కొట్లో అబద్ధాలన్నీ సూది నెత్తినే.

ఆవిడ చేతుల కొలత తీశాను. కథ ఏదీ చెప్పలేదు.

జూలై 2, బుధవారం

డాక్టరమ్మ చూసింది. పక్కపళ్ళు రెండూ గట్టిపడుతున్నాయి, చిగురు రంగు మారింది. మధ్యది ఎల్లుండి తీసేస్తుంది. కొత్తది పెట్టాలంటే చిగురు పూర్తిగా మానాలి, కొన్నాళ్ళు ఖాళీగానే ఉంటుందంది. ముసలమ్మలు ఊరుకున్నారా అని అడిగాను. పూర్తిగా ఊరుకోరు, వాళ్ళ గొడవ పెరగకుండా రోజూ కనిపెట్టుకుని ఉండాలంది.

జూలై 3, గురువారం

ఆయనకి ఫోను చేసి, రేపు పన్ను తీస్తున్నారు, మీరు రండి అన్నాను. సూదులేవీ లేకుండా చెప్పాను.

సాయంత్రం బస్సుకి వస్తానన్నారు.

జూలై 4, శుక్రవారం

తీసేసింది. నొప్పి తెలియలేదు. చిన్న గాజుగుడ్డ మీద పెట్టి చూపించింది. ఇంతేనా అనిపించింది. ఇంత ముక్క కోసమా ఇన్నాళ్ళు ఆయనతో మాట్లాడలేదు.

మిగిలిన పళ్ళని సన్నటి తెల్లనారతో కట్టింది, ఎనిమిది అంకెలా తిప్పుతూనే, చిగురుకి ఆనకుండా పైన. చేతి అద్దం నాకిచ్చి, కుట్టు ఎలా ఉందో చెప్పమంది. నోట్లో దూది ఉంది కాబట్టి బొటనవేలు చూపించాను. ముడి ఇంకొంచెం లోపలికి తోయాల్సింది. అది చెప్పలేదు.

ఇంటికి నడుస్తూ వస్తుంటే అందరూ నా నోటివైపే చూస్తున్నట్టుంది. చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. ఎదురింటావిడ పలకరిస్తే తలూపి దాటేశాను. సాయంత్రం ఆయన వచ్చేలోపు అద్దం ముందు కూర్చుని పెదవి ఎలా పెడితే సందు కనిపించదో చూసుకోవాలనుకున్నాను. ఇంటిదాకా అదే ఆలోచన.

తాళంచెవి పెట్టి తిప్పినా తలుపు తెరుచుకోలేదు. లోపల గడియ వేసి ఉంది. సాయంత్రం బస్సుకి వస్తానన్న మనిషి పొద్దుటి బస్సుకే వచ్చేశారు. దాచుకోవడానికి వేళ లేకుండా పోయింది. తలుపు కొట్టి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డాను.

ఆయన తలుపు తీశారు.

బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి. మూతి ముడుచుకుపోయి ఉంది. సెట్టు లేదు. పదేళ్ళ తర్వాత, పట్టపగలు, వీధి తలుపు దగ్గర, ఎదురింటావిడ చూస్తుండగా, ఆయన ఆ మొహంతో నా ఎదురుగా నిలబడ్డారు. వాళ్ళ మేనమామలా ఏమీ లేరు. నాకు ఇన్నాళ్ళూ అలా ఎలా కనిపించారో తెలియదు. మా ఆయనలాగే ఉన్నారు.

నా చెయ్యి పట్టుకుని నోటిమీంచి కిందికి దించారు. సందు చూశారు. నవ్వలేదు. చాలా మర్యాదగా, టికెట్టు అడిగే గొంతుతో, మాటకన్నా గాలే ఎక్కువగా, "ఎవరు కావాలండీ?" అన్నారు.

నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, నోట్లో దూది కదిలింది. తీసి గుప్పెట్లో పెట్టుకున్నాను.

"మా ఆయన కావాలండీ" అన్నాను, నోరంతా తెరిచి.